బ్రయాన్ మే గిటార్ అలా ఎందుకు పలుకుతుంది?

క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ పాటలు మొదటిసారి విన్నప్పుడు ఆ బ్యాండ్‌లో కీబోర్డు వాయించేది ఎవరా అని వెతికాను. పాట నడుస్తుండగా ఒకచోట వయొలిన్లు గుంపుగా లేచినట్టు, ఇంకోచోట బాకాలు ఊదినట్టు, మరోచోట మనిషి గొంతే సాగినట్టు వినిపిస్తుంది. అదంతా ఒక్క మనిషి, ఒక్క గిటార్ అని తెలిశాక ఆ పాటలన్నీ మళ్లీ మొదటి నుంచి విన్నాను. ఇలా పొరబడింది నేనొక్కణ్నే కాదు. 1970ల్లో జనం ఇలాగే అనుకుంటుంటే, ఇందులో సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు వాడలేదని ఆ బ్యాండ్ తమ ఆల్బమ్ అట్టల మీదే అచ్చు వేయించింది.

ఆ గిటారిస్టు బ్రయాన్ మే. 1947 జులై 19న లండన్ పశ్చిమ శివార్లలో పుట్టాడు. ‘వీ విల్ రాక్ యూ’ రాసింది ఇతనే. అరవయ్యో ఏట ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేసిందీ ఇతనే. అతని గురించి రాసేవాళ్లు ఈ రెండింటినీ ఒక వింతలా పక్కపక్కన పెడుతుంటారు, చూశారా రాక్ స్టార్ సైంటిస్టు కూడానట అని. నాకు అందులో వింత కనిపించదు. అతని గిటార్ విప్పి చూస్తే లోపల ఉన్నది తరంగాల లెక్క. అతని పరిశోధన విప్పి చూసినా అదే లెక్క. ఈ రెంటినీ కలిపి పట్టుకున్న మనిషి ఒకరున్నారు. ఆయన మే నాన్న హెరాల్డ్. ఆయన్ని పక్కన పెడితే ఈ కథలో సగమే అర్థమవుతుంది.

రెండేళ్ల చెక్కపని

హెరాల్డ్ మే విమానాలకు సంబంధించిన ప్రభుత్వ శాఖలో ఎలక్ట్రానిక్స్ డ్రాఫ్ట్స్‌మన్. చేతిలో పని ఉన్న మనిషి. ఇంట్లో టీవీ ఆయన కట్టిందే. కొడుకుతో కలిసి టెలిస్కోప్ తయారు చేశాడు. యుకులేలీ బాంజో వాయించడం నేర్పింది కూడా ఆయనే. అది నాలుగు తీగల చిన్న వాయిద్యం. ఏడేళ్ల వయసులో పిల్లవాడికి మామూలు గిటార్ ఒకటి వచ్చింది.

పదహారేళ్లు వచ్చేసరికి బ్రయాన్ మనసంతా ఎలక్ట్రిక్ గిటార్ మీదే ఉంది. ఫెండర్ లాంటి అమెరికన్ గిటార్ కొనడం ఆ ఇంటికి అందని మాట. అందుకని 1963 ఆగస్టులో తండ్రీకొడుకులు ఇంట్లోనే ఒకటి తయారు చేయడానికి కూర్చున్నారు. మెషీన్లు లేవు, చేతి పనిముట్లే. సుమారు రెండేళ్లు పట్టింది. సామాన్ల ఖర్చు ఎనిమిది పౌండ్ల లోపే అయిందని చెబుతారు.

గిటార్ మెడకి కావలసిన చెక్క ఒక పాత ఫైర్‌ప్లేస్ నుంచి వచ్చింది. చలిమంట గూడు పైన అడ్డంగా బిగించే మహాగని బల్ల అది. అప్పటికే వందేళ్ల నాటిది. పురుగు తొలిచి అక్కడక్కడా రంధ్రాలున్నాయి. ఆ రంధ్రాల్లో అగ్గిపుల్లలు దూర్చి, జిగురు పెట్టి, సాపు చేశారు. ఒంటికి పాత బల్ల తాలూకు ఓక్ చెక్క, చెక్క ముక్కలు అతికించి చేసే మామూలు ‘బ్లాక్ బోర్డు’ పలక వాడి, పైన పల్చటి మహాగని పొర అతికించారు. మెట్ల మధ్య గుర్తుగా పెట్టిన తెల్ల చుక్కలు అమ్మ కుట్టు డబ్బాలోంచి తీసిన ముత్యపు చిప్ప గుండీలు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ట్రెమొలో. గిటార్ కింది భాగంలో ఒక చిన్న ఇనుప చెయ్యి ఉంటుంది. దాన్ని నొక్కితే తీగలు వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలేస్తే మళ్లీ పైకి రావాలి. చిక్కంతా ఆ ‘మళ్లీ’ దగ్గరే. ఆనాటి గిటార్లలో రాపిడి వల్ల తీగ సరిగ్గా తన చోటికి వచ్చేది కాదు. రెండుసార్లు నొక్కితే శ్రుతి పోయేది. పాట మధ్యలో శ్రుతి చేసుకుంటూ కూర్చోలేరు కదా.

దీనికి తండ్రీకొడుకులు కనిపెట్టిన ఉపాయం కంసాలి త్రాసు లాంటిది. త్రాసు దండె సన్నటి అంచు మీద ఆనుకుని ఊగుతుంది కాబట్టి అక్కడ రాపిడి దాదాపు ఉండదు, గురిగింజంత తేడా కూడా తెలిసిపోతుంది. వీళ్లు ఒక పాత కత్తి తాలూకు గట్టి ఉక్కు అంచు తీసుకుని, తీగలు బిగించిన పలకను దాని మీద ఆనించారు. ఒక పక్క తీగలు లాగుతుంటే రెండో పక్క ఆ లాగుడికి సరితూగేలా పాత మోటార్ సైకిల్ ఇంజన్ వాల్వు స్ప్రింగులు రెండు పెట్టారు. తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర ప్రతి తీగ కింద చేత్తో చేసిన ఒక చిన్న రోలర్. చేత్తో నొక్కే కడ్డీ సైకిల్ సీటు వెనక సంచి తగిలించే ఇనుపచువ్వ, దాని కొస అమ్మ అల్లిక సూది ముక్క. అంత నొక్కి వదిలినా శ్రుతి కదిలేది కాదు. ఫ్యాక్టరీల్లో తేలని సమస్య ఒక ఇంటి గదిలో తేలిందంటే దానికి కారణం ఆ ఇంట్లో రాపిడి అంటే ఏమిటో తెలిసిన మనుషులు ఇద్దరుండటమే.

చెక్క ఒంటిలో కావాలనే కొన్ని గదులు బోలుగా వదిలారు. స్పీకర్ ముందు నిలబడితే అందులోంచి వచ్చే మోత గిటార్ ఒంటిని కదుపుతుంది, ఆ కదలిక తీగను మళ్లీ కదుపుతుంది, అది మళ్లీ స్పీకర్‌లోంచి వస్తుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. మన సభల్లో మైకు కుయ్యిమని అరిచేది దీనివల్లే. అందరూ పారిపోయే ఈ అరుపు కుర్రాడు బ్రయాన్‌కి కావాలి. అదుపులో ఉంటే తీగ మీటిన తర్వాత కూడా స్వరం ఆగకుండా పాడుతూనే ఉంటుంది. జెఫ్ బెక్ అనే గిటారిస్టు తన గిటార్‌ని అలా పాడించడం చూసి, తన గిటార్ కూడా అలా పాడాలని ముందే అనుకుని చెక్క చెక్కాడు.

ఆరు స్విచ్చులు

ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ కదలికను కరెంటుగా మార్చేది పికప్. అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట, అంతే. తీగ దాని మీద ఊగితే చుట్టలో కరెంటు పుడుతుంది. బ్రయాన్ మొదట పికప్‌లు కూడా సొంతంగానే చుట్టాడు. బాగానే పలికాయి గానీ ఒక లోపం కనిపించింది. వీణలో మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాం కదా, గిటార్‌లోనూ అలాగే లాగుతారు. అలా లాగినప్పుడు ఆ ఇంటి పికప్‌ల మీద గరగరమని చెడ్డ శబ్దం వచ్చేది. తీగ ఒక అయస్కాంత ధ్రువం మీద నుంచి పక్క ధ్రువం మీదికి జరగడమే కారణం. గమకం లేకపోతే అతని వాయింపే లేదు. చివరికి ఓడిపోయి, బర్న్స్ కంపెనీ ట్రై-సోనిక్ పికప్‌లు మూడు కొన్నాడు. కొన్నా ఊరుకోలేదు. చుట్టలు లోపల వదులుగా కదిలి కీచుమనకుండా వాటిని ఆరల్డైట్ జిగురుతో నింపేశాడు.

అసలు రహస్యం ఆ మూడింటినీ కలిపిన తీరులో ఉంది. మామూలు గిటార్లలో పికప్‌లను పక్కపక్కన కలుపుతారు. బ్రయాన్ వాటిని వరసగా, ఒకదాని తోకకు ఇంకొకదాని తల తగిలించినట్టు కలిపాడు. పెళ్లి పందిళ్లకు కట్టే సీరియల్ సెట్టు గుర్తు తెచ్చుకోండి, చిన్న చిన్న బల్బుల ఓల్టేజీ అంతా కూడుకుంటూ పోతుంది. ఇక్కడ కూడా రెండు పికప్‌లు వేస్తే సిగ్నల్ బలం కూడుకుంటుంది. అందుకే అతని గిటార్ అంత లావుగా, నిండుగా పలుకుతుంది.

ఒక్కో పికప్‌కి రెండేసి స్విచ్చులు పెట్టాడు. ఒకటి ఆన్, ఆఫ్. రెండోది ఫేజ్ తిరగేసేది. ఈ ఫేజ్ అనే మాట దగ్గర కాస్త ఆగాలి.

ఉయ్యాలని ఇద్దరు నెడుతున్నారనుకోండి. ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే వైపు నెడితే ఉయ్యాల ఎత్తుకు పోతుంది. ఒకరు ముందుకి నెట్టే క్షణంలోనే రెండోవారు వెనక్కి నెడితే ఉయ్యాల కదలదు. తరంగాలూ అంతే. రెండు పికప్‌లు ఒకే ఫేజ్‌లో ఉంటే శబ్దం నిండుగా ఉంటుంది. ఒకదాన్ని తిరగేస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అయితే పూర్తిగా కాదు, కిటుకంతా అక్కడే. రెండు పికప్‌లు తీగ కింద వేరువేరు చోట్ల ఉంటాయి. తీగ పొడవునా ఊగే మంద్ర కదలిక రెంటికీ దాదాపు ఒకేలా అందుతుంది కాబట్టి అది చాలావరకు పోతుంది. చిన్న చిన్న అలలుగా ఊగే తారస్థాయి కదలికలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి అవి మిగిలిపోతాయి. మిగిలేది సన్నటి, కోసుకుపోయే అరుపు. డ్రమ్స్, బేస్, కోరస్ అన్నీ మోగుతున్నా వాటి మధ్యలోంచి చీల్చుకుని వచ్చే శబ్దం అది.

ఆనాటి మామూలు గిటార్లో మూడు రకాల ధ్వనులు ఎంచుకోవచ్చు. ఈ ఆరు స్విచ్చులతో అంతకు ఎన్నో రెట్లు. కాలేజీలో చేరకముందే ఒక కుర్రాడు తరంగాల కూడిక, తీసివేతని వేలి కొసల కిందికి తెచ్చుకున్నాడు.

వేలి కొసలంటే గుర్తొచ్చింది, తీగలు మీటడానికి మే ప్లాస్టిక్ పిక్ వాడడు. ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు. బ్రిటన్‌లో 1980లో చెల్లుబాటు ఆగిపోయిన చిన్న నాణెం అది, అంచు చుట్టూ సన్నటి గాట్లుంటాయి. ప్లాస్టిక్ పిక్ వంగుతుంది, ఆ వంపులో తీగ స్పర్శ కొంత పోతుంది. నాణెం వంగదు, కాబట్టి తీగ మీద జరిగేదంతా వేళ్లకు నేరుగా తెలుస్తుంది. లోహం మెత్తనిది కాబట్టి తీగ తెగదు. నాణేన్ని కొంచెం ఏటవాలుగా తిప్పితే ఆ గాట్లు తీగను రాసుకుంటూ పోయి, పదం మొదట్లో హల్లు పలికినట్టు ఒక చిన్న గరుకు శబ్దం వస్తుంది. అతని గిటార్ మాట్లాడుతున్నట్టు ఉంటుందని జనం అనేది ఊరికే కాదు. అచ్చుల ముందు హల్లులున్నాయి మరి.

ఇక ఆంప్, అంటే గిటార్ సిగ్నల్‌ని పెంచి వినిపించే పెట్టె. కుర్రాడిగా ఉన్నప్పుడు మార్కీ క్లబ్బులో రోరీ గాలహర్ అనే ఐరిష్ గిటారిస్టు కచేరీ అయిపోయాక కూడా కదలకుండా నిలబడి, ఈ శబ్దం మీకు ఎలా వస్తోంది అని అడిగేశాడు. గాలహర్ ఏమీ దాచుకోలేదు. వాక్స్ ఏసీ30 ఆంప్, దాని ముందు ట్రెబుల్ బూస్టర్ అనే చిన్న డబ్బా, ఇంతే అని చెప్పేశాడు. మే వెళ్లి పాత ఏసీ30లు రెండు కొన్నాడు. ఇప్పటికీ వాడేది అవే రకం. ఆంప్ ఎప్పుడూ నిండా తిప్పి ఉంటుంది. మెల్లగా కావాలన్నా, ఉరమాలన్నా గిటార్ మీది వాల్యూమ్ బటన్ ఒక్కటే కదుపుతాడు. విద్య తెలిసినవాడు అడిగినవాడికి చెప్పేయడం వల్ల ఒక శబ్దం బతికింది. ఆ తర్వాత మే కూడా తన పద్ధతులన్నీ అడిగినవాళ్లకి దాచకుండా చెబుతూనే వచ్చాడు.

ఒక్కడే గుంపు

ఇంతవరకు చెప్పింది ఒక గిటార్ గురించి. వయొలిన్ల గుంపులా వినిపించడానికి ఇది చాలదు. దానికి టేపు కావాలి.

మే ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ చదువుతూనే టిమ్ స్టాఫెల్ అనే స్నేహితుడితో, డ్రమ్మర్ రోజర్ టేలర్‌తో కలిసి 1968లో ‘స్మైల్’ అనే బ్యాండ్ నడిపాడు. 1970లో స్టాఫెల్ వెళ్లిపోయాడు. వాళ్ల వెంటే తిరిగే ఫరూఖ్ బుల్సారా పాడటానికి వచ్చాడు. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ కుర్రాడు, మహారాష్ట్రలోని పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో చదివాడు. ఫ్రెడీ మెర్క్యురీ అని పేరు మార్చుకున్నదీ, బ్యాండ్‌కి క్వీన్ అని పేరు పెట్టిందీ ఇతనే. 1971లో బేస్ వాయించే జాన్ డీకన్ చేరాడు. అతను చదివింది ఎలక్ట్రానిక్స్.

1973లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 1974లో రెండోది మొదలయ్యేదే మే గిటార్ల ఊరేగింపుతో. ఒక వరస వాయించి రికార్డు చేస్తాడు. దాన్ని వింటూ దాని మీద మూడో స్వరంలో ఇంకో వరస, దాని మీద ఇంకోటి. ప్రతి వరసకు స్విచ్చులు మార్చి వేరే గొంతు ఇస్తాడు. మనకు వినిపించేది గుంపు, వాయించింది ఒక్కడు. ఆ రోజుల్లో ఇది కంప్యూటర్ పని కాదు. టేపు మీద ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డు చేసే చారలు, చాలక, నాలుగైదు ట్రాకులు కలిపి ఒకదాంట్లోకి ఎక్కించి, ఖాళీ అయిన వాటి మీద మళ్లీ రికార్డు చేసేవాళ్లు. 1975లో ‘బొహీమియన్ రాప్సొడీ’ అనే పాట చేస్తున్నప్పుడు గొంతులు, వాయిద్యాలు ఇలా ఎక్కించీ ఎక్కించీ టేపు మీది పూత అరిగిపోయి, అవతలి వెలుతురు కనిపించేంత పల్చబడిందని వాళ్లే చెప్పారు.

ఈ గుంపుకి సాయపడిన ఇంకో వస్తువు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. లండన్ రోడ్డు పక్కన చెత్త వేసే తొట్టిలో డీకన్‌కి ఒక చిన్న సర్క్యూట్ బోర్డు దొరికింది. ఏదో పాత రేడియో లోపలిది. ఇంటికి తీసుకెళ్లి, ఒక చిన్న స్పీకర్ డబ్బాలో పెట్టి, తొమ్మిది ఓల్టుల బ్యాటరీ తగిలించాడు. వాల్యూమ్ బటన్ కూడా లేదు. మే అందులో గిటార్ గుచ్చి వాయిస్తే వయొలిన్, క్లారినెట్ లాంటి గొంతు పలికింది. ‘బొహీమియన్ రాప్సొడీ’ ఉన్న ఆల్బమ్‌లోనే ‘గుడ్ కంపెనీ’ అనే పాటలో చివరికి వినిపించే జాజ్ బ్యాండు అంతా, అంటే ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్ అన్నీ, ఆ చెత్తతొట్టి ఆంప్‌లోంచి వచ్చిన మే గిటారే. కొన్నిచోట్ల ఒక్కో స్వరాన్ని విడివిడిగా వాయించి అతికించాడు. ఆ పాట మొదట్లో వినిపించేది యుకులేలీ బాంజో. చిన్నప్పుడు నాన్న నేర్పిన వాయిద్యం.

స్టేజి మీద టేపు ఉండదు, మరి అక్కడ గుంపు ఎలా? మే ప్రతిధ్వనిని పట్టుకున్నాడు. వాయించింది కొంత ఆలస్యంగా మళ్లీ వినిపించే ఎకో మెషీన్లు అప్పటికే ఉన్నాయి. వాటి ఆలస్యం మరీ తక్కువని, లోపలి పట్టాలు పొడిగించి ఆలస్యం పెంచుకున్నాడు. ఇప్పుడు వాయించింది నడిమి ఆంప్‌లోంచి, కాసేపటి కింద వాయించింది ఎడమ ఆంప్‌లోంచి, అంతకు ముందుది కుడి ఆంప్‌లోంచి వస్తాయి. తన మొన్నటి మాటతో తనే కలిసి పాడుతున్నట్టు, మూడు గిటార్ల శ్రుతి కుదిరేలా వాయించాలి. క్షణం అటూ ఇటూ అయినా అంతా గందరగోళం. ‘బ్రైటన్ రాక్’ సోలో ఇలా కట్టిందే.

1977లో ‘వీ విల్ రాక్ యూ’కి ఇదే ఆలోచన ఇంకోలా పనికొచ్చింది. స్టాఫర్డ్‌లో ఒక కచేరీ అయ్యాక జనం వెళ్లకుండా తమంతట తాము ఒక పాట పాడటం మొదలుపెట్టారు. అంతమంది ఇరుక్కుని నిలబడిన చోట వాళ్లు చేయగలిగిందేమిటి? కాలు నేలకేసి కొట్టడం, చప్పట్లు, పాట. అందరి చేతా చేయించగలిగే పాట కావాలనుకుని మే ఇది రాశాడు. రికార్డింగ్ పాత చర్చి భవనంలో ఉన్న వెసెక్స్ స్టూడియోలో జరిగింది. అక్కడ పడి ఉన్న చెక్కబల్లల మీద కొద్దిమంది దబదబ తొక్కి, చప్పట్లు కొట్టారు. దాన్ని వేలమందిలా వినిపించాలి. మామూలు ప్రతిధ్వని కలిపితే పెద్ద గదిలో కొద్దిమంది ఉన్నట్టే ఉంటుంది. అందుకని మే ఆ తొక్కుడు శబ్దాన్ని రకరకాల ఆలస్యాలతో మళ్లీ మళ్లీ కలిపాడు. ఆ ఆలస్యాల నిష్పత్తులకు ప్రధాన సంఖ్యలు ఎంచుకున్నాడు. ప్రధాన సంఖ్యలకు ఒకటి తప్ప ఉమ్మడి భాజకం ఉండదు కాబట్టి ఆ శబ్దాలు ఎక్కడా వరస కట్టవు, చెవికి ప్రతిధ్వనిలా తోచవు. దగ్గరగా కొందరు, దూరంగా కొందరు నిలబడి తొక్కుతున్నట్టే ఉంటుంది. ఆ పాటలో డ్రమ్ములే లేవని చాలామందికి ఇప్పటికీ తెలియదు.

కొండ మీద దుమ్ము

1968లో డిగ్రీ అయ్యాక మే ఇంపీరియల్‌లోనే పీహెచ్‌డీకి చేరాడు. అంశం రాశిచక్ర కాంతి. ఊరి దీపాలు లేని చోట, పొద్దుగుంకిన తర్వాత పడమట లేదా తెల్లవారకముందు తూర్పున, ఆకాశంలో కోణాకారంగా పల్చటి వెలుగు కనిపిస్తుంది. గ్రహాలు తిరిగే తలంలో పరుచుకుని ఉన్న సన్నటి ధూళి మీద ఎండ పడి మెరవడమే అది. ఆ ధూళి ఎటు కదులుతోంది, ఎంత వేగంతో కదులుతోంది అన్నది మే ప్రశ్న.

దూరాన ఉన్న దుమ్ము వేగం ఎలా తెలుస్తుంది? రైలు దగ్గరికి వస్తుంటే కూత స్థాయి పెరిగి, దాటి వెళ్లగానే తగ్గుతుంది. వెలుగూ అంతే. సూర్యకాంతిని విడదీస్తే అందులో మెగ్నీషియం లాంటి మూలకాల వల్ల నల్లటి గీతలు కనిపిస్తాయి. ధూళి మన వైపు వస్తుంటే ఆ గీత నీలం వైపు, దూరమవుతుంటే ఎరుపు వైపు వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ జరగడాన్ని కొలవడానికి ఫాబ్రీ-పెరో అనే పరికరం వాడారు. ఎదురెదురుగా పెట్టిన రెండు అద్దాల మధ్య వెలుగు అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఫేజ్ కుదిరిన తరంగాలు కూడుకుని బయటికి వస్తాయి, కుదరనివి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గిటార్ మీది ఆరు స్విచ్చులు చేసే పనికీ, ఈ అద్దాలు చేసే పనికీ మూలం ఒకటే. ఒకచోట శబ్దం, ఒకచోట వెలుగు.

పరిశీలనలకు కానరీ దీవుల్లోని టెనెరీఫ్ వెళ్లాడు. అక్కడి వేధశాల సముద్ర మట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. రాత్రి దుమ్ము వెలుగు కొలవడం, ఖాళీ దొరికితే వెంట తెచ్చుకున్న స్పానిష్ గిటార్ మీటడం. తర్వాత క్వీన్ కచేరీల్లో జనాన్ని ఉర్రూతలూగించిన ‘టై యువర్ మదర్ డౌన్’ మొదటి వరస ఆ కొండ మీదే పుట్టింది. ఇటు పరిశోధన కూడా సాగింది. 1972లో ‘నేచర్’ పత్రికలో, 1974లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అతని పేరుతో కూడిన పత్రాలు వచ్చాయి.

థీసిస్ రాసే పని చాలావరకు అయింది. అప్పుడే క్వీన్ పేరు బయటికి రావడం మొదలైంది. 1974లో మే పరిశోధన వదిలేశాడు.

నాన్న

హెరాల్డ్‌కి ఇది మింగుడుపడలేదు. రెండేళ్లు పక్కన కూర్చుని ఆ గిటార్‌కి రంపం పట్టింది ఆయనే. కానీ ఆయన దృష్టిలో అది కొడుకుకి నేర్పిన పనితనం, బతుకుతెరువు కాదు. పైసా పైసా కూడబెట్టి చదివించిన కొడుకు డాక్టరేట్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. తండ్రీకొడుకుల మధ్య ఏడాదికి పైగా సరిగ్గా మాటల్లేవు. మధ్యతరగతి ఇంట్లో పెరిగిన తెలుగువాళ్లకి ఈ మౌనాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఇంజనీరింగ్ వదిలి సినిమాకి వెళతానన్న కొడుకున్న ఇంట్లో భోజనాల దగ్గర ఎలా ఉంటుందో అలాగే ఉండి ఉంటుంది.

కొడుకు రోజులూ అప్పుడు బాగా లేవు. అదే 1974లో మొదటి అమెరికా టూర్ మధ్యలో మేకి కామెర్లు వచ్చి, టూర్ ఆపి ఇంటికి రావలసి వచ్చింది. తేరుకునేలోగా కడుపులో పుండుతో మళ్లీ ఆస్పత్రి. మిగతా ముగ్గురూ కొత్త ఆల్బమ్ రికార్డు చేస్తూ అతని గిటార్ కోసం ఖాళీలు వదిలిపెట్టారు. తన స్థానంలో వేరే ఎవరినైనా తెచ్చుకుంటారేమోనని మంచం మీద ఎంత టెన్షన్ పడ్డాడో తర్వాత చెప్పుకున్నాడు.

1975లో ‘బొహీమియన్ రాప్సొడీ’ బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1977లో క్వీన్ న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించే రోజు వచ్చింది. మే అమ్మానాన్నలను కాంకర్డ్ విమానం ఎక్కించి పిలిపించాడు. ఆ విమానం కళ్లు కనిపించని పొగమంచులో కూడా దిగేందుకు వీలుగా చేసిన పరికరాల మీద హెరాల్డ్ పనిచేశాడు, కానీ ఎప్పుడూ ఎక్కలేదు. ఆ రాత్రి వేలమంది ముందు, తాను చెక్కిన కత్తి అంచు మీద తీగలు ఊగడం చూశాక, ఇప్పుడు నాకు అర్థమైంది అని కొడుకుతో చెప్పాడు. ఈ సంగతి మే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఎన్నిసార్లు విన్నా నాకు గొంతు పట్టేస్తుంది.

1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ విరాళాల కచేరీ గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు, ఇక్కడ మళ్లీ అవసరం లేదు. 1988లో హెరాల్డ్ పోయాడు. 1991 నవంబర్ 24న ఫ్రెడీ మెర్క్యురీ ఎయిడ్స్‌తో చనిపోయాడు. ఆ మధ్యలోనే మే కాపురం చెదిరింది. ఆ ఏళ్లలో తాను తీవ్రమైన డిప్రెషన్‌లోకి జారిపోయానని, చికిత్స తీసుకున్నానని బయటికే చెప్పాడు. ఫ్రెడీ చివరి రోజుల్లో పాడిన ‘ది షో మస్ట్ గో ఆన్’ చాలావరకు మే రాసిందే. ఆ పాటను ధైర్యం నింపే పాటగా చాలామంది వింటారు. దాని వెనక ఆ రోజులు తెలిస్తే ఆ గిటార్ ఇంకోలా వినిపిస్తుంది.

2006లో మే మళ్లీ పాత నోట్సు తీశాడు. ముప్ఫై ఏళ్లకు పైగా పక్కన పడి ఉన్న పరిశోధన ఇంకా చెల్లుతుందా అన్నది అందరికీ వచ్చే సందేహం. అదృష్టవశాత్తూ ఆ మధ్యకాలంలో రాశిచక్ర ధూళి వేగాల మీద పనిచేసినవాళ్లు చాలా తక్కువ. టెనెరీఫ్‌లో తీసిన కొలతలకు ఇంకా విలువ ఉంది. మైఖేల్ రోవన్-రాబిన్సన్ పర్యవేక్షణలో, మధ్యలో వచ్చిన కొత్త పరిశోధనలన్నీ చదివి, పాతదానికి జోడించి, 2007లో థీసిస్ సమర్పించాడు. అప్పుడు నాకు ‘థర్టీ నైన్’ గుర్తొచ్చింది. 1975లో మే రాసి పాడిన పాట. అంతరిక్షంలోకి వెళ్లిన వాళ్లు తమ లెక్కలో ఒక్క ఏడాదికే తిరిగి వస్తారు, వచ్చేసరికి భూమి మీద తమవాళ్లంతా ముసలివాళ్లయి పోయి ఉంటారు. ఐన్‌స్టయిన్ చెప్పిన కాలం సాగడాన్ని జానపద పాటలా కట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లప్పుడు రాసిన ఆ పాటలోని మనిషిలాగే, అరవయ్యో ఏట తను ఆపిన చోటికే తిరిగొచ్చాడు.

2008 మే నెలలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో డాక్టరేట్ గౌను వేసుకుని పట్టా అందుకున్నాడు. నాన్న పోయి అప్పటికి ఇరవై ఏళ్లు.

గిటార్ మాత్రం ఉంది. 1998లో ఒకసారి విప్పి బాగు చేయించాడు. 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద నిలబడి జాతీయ గీతం వాయించింది దాని మీదే. ఇప్పుడు కూడా వాయించేది అదే. వంగి దగ్గరగా చూస్తే మెడ వెనక, వార్నిష్ కింద, పురుగు రంధ్రాల్లో దూర్చిన అగ్గిపుల్లల గుర్తులు కనిపిస్తాయి.